గడప నడుమ బెజ్జం

నేను వడ్రంగం చేశానంటే నన్ను చూసినవాళ్లెవరూ నమ్మరు. నమ్మించాలని నాకూ లేదు. కొత్తగా పరిచయమైనవాళ్లు ‘మీవారు ఏం చేసేవారండీ?’ అని అడుగుతారు. ‘చెక్కపని’ అంటాను. ‘మరి మీరు?’ అని మాత్రం ఎవరూ అడగరు. అడగనివాళ్ల వెంటపడి చెప్పే స్వభావం కాదు నాది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా పుట్టిల్లు రేపల్లె. పెళ్లయ్యాక తెనాలి వచ్చాను. అటూ ఇటూ వడ్రంగం చేసే కుటుంబాలే. అయినా మా ఆడవాళ్లకు ఆ పనితో ఉన్న సంబంధం ఊడ్చి ఎత్తడం వరకే. చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టు పొయ్యిలోకి, రంపపు పొట్టు దోమలకు పొగ వేయడానికి. చిన్నప్పుడు ఉలి ముట్టుకుంటే మా నాన్న ఇల్లు ఎగిరిపోయేలా కేకలేసేవారు. ఆడపిల్ల ముట్టుకుంటే ఉలి పదును ఎలా పోతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మావారి కొట్టు మా ఇంటి వసారాలోనే ఉండేది. తలుపులు, కిటికీలు, మంచాలు చేసేవారు. మాట తక్కువ మనిషి. నేను మాట్లాడేదాంట్లో సగం ఆయన వాటా అని మా అత్తగారు అనేది. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టినవాళ్లు లేరు.

చెక్కపని తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. రెండు చెక్కలు కలవాలంటే ఒకదాని కొసను సన్నగా కోసి కూసం తీస్తారు. రెండోదానికి ఆ కూసం బిగువుగా దిగేటట్టు నలుపలకల బెజ్జం తొలుస్తారు. కూసం రంపంతో అయిపోతుంది. బెజ్జానికి మాత్రం ఉలి పట్టి, కొయ్యసుత్తితో కొట్టి కొట్టి లోతుకు దిగాలి. చేతిలో సత్తువ ఉండాలి. మావారికి బెజ్జం తొలవడం అంటే మహా ఇష్టం. ఆ దెబ్బల చప్పుడు వింటూనే నేను వంట చేసుకునేదాన్ని. చప్పుడు ఆగితే కాఫీ ఇచ్చే వేళయిందని లెక్క.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఒక వానాకాలం ఆయన కాలవగట్టు మీద సైకిలు జారి పడ్డారు. కుడిచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ లోపల నరం నలిగిపోయిందని గుంటూరులో డాక్టరు చెప్పాడు. అన్నం కలుపుకోగలరు, రంపం నెమ్మదిగా లాగగలరు. సుత్తి పట్టుకుని కాసేపు కొట్టారంటే వేళ్లు మొద్దుబారిపోయి సుత్తి జారి కింద పడేది. అలా పడిన ప్రతిసారీ ఆయన దాన్ని తీసుకుని, చెక్కను తిట్టేవారు. చెక్క ఏం చేసింది పాపం!

మా బావగారు, అంటే మావారి అన్నగారు, కులవృత్తి ఎప్పుడో వదిలేసి రేపల్లెలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా ఉండేవారు. మంచి మనిషే. తమ్ముడి సంగతి తెలిసి వెంటనే వచ్చారు.

“మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసిస్తారు. వచ్చే లారీలూ పోయే లారీలూ చూసుకోవడమే పని. ఎండా లేదు, వానా లేదు. ఏమంటావు?” అన్నారు.

“చూద్దాం అన్నయ్యా” అన్నారు మావారు.

ఆయన ‘చూద్దాం’ అన్నారంటే ఒప్పుకున్నట్టే. బావగారు వెళ్లిన మర్నాడు ఉలులన్నీ బయటికి తీసి, ఒక్కొక్కదాన్నీ సానపెట్టి, నూనె రాసి, నా పాత చీర ముక్కలో వరసగా చుట్టారు. పోయినవాళ్ల బట్టలు మడతపెట్టినట్టు మడతపెట్టారు. ఈ మనిషి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటే బతకడు, ఊపిరి మాత్రం తీసుకుంటూ ఉంటాడు అనిపించింది. ఆ మాట పైకి అంటే చెయ్యి బాగవుతుందా? అందుకని నోరు మూసుకున్నాను. నాకది అలవాటు లేని పని.

కానీ ఒక పని మిగిలి ఉంది. చెయ్యి విరగకముందే బాపట్లలో ఒక మాస్టారి కొత్త ఇంటికి కిటికీలూ ద్వారబంధాలూ ఒప్పుకున్నారు. “ఇచ్చిన మాట. ఇది చేసిచ్చి రేపల్లె వెళ్లిపోదాం” అన్నారు. ఎలా చేస్తారని నేను అడగలేదు. ఆయనా ఆలోచించినట్టు లేరు.

మా మరిది మద్రాసులో ఒక ఫర్నిచర్ వర్కుషాపులో పనిచేసేవాడు. అంతకు చాలా ముందే అక్కడ పాతబడిన ఒక రూటర్ మెషీను తెచ్చి మా బల్ల కింద పడేసి వెళ్లాడు. కరెంటుతో నడుస్తుంది. రెండు చేతులతో పట్టుకోవడానికి రెండు పిడులు, అడుగున గిర్రున తిరిగే చిన్న కత్తి. చెక్క మీద పెట్టి నడిపిస్తే గాడి పడుతుంది, ఒకే చోట ముందుకూ వెనక్కూ నడిపిస్తే బెజ్జం పడుతుంది. మావారు ఒకసారి స్విచ్చి వేసి, అది చేసిన రొదకు చెవులు మూసుకుని, “ఇది పనిముట్టా, రాకాసా?” అని గోనెసంచిలో కట్టేశారు. ఇప్పుడు ఆ సంచి విప్పక తప్పలేదు.

ఆయన పట్టుకుంటే చెయ్యి నిలవక అది చెక్క మీద పాములా పాకింది. చూసి చూసి నేను వెళ్లి ఒక పిడి పట్టుకున్నాను. తర్వాత రెండో పిడి కూడా తీసుకున్నాను. “ఇటివ్వండి” అన్నాను. ఇచ్చారు. వసారా దిగి, రోడ్డు దాటి, టీకొట్టు బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి నేను మెషీను పట్టుకుంటే చాలు, ఆయన టీకొట్టుకు బయల్దేరేవారు.

నాకు బలానికి లోటు లేదు. బిందెలు మోసిన నడుం, పిండి రుబ్బిన చేతులు. నాకు లేనిది కొలత. మావారు గీత గీసిస్తే ఆ గీత మీద మెషీను నిలబెట్టలేకపోయేదాన్ని. బెజ్జం ఒక పక్కకు ఒరిగేది. చెక్కలు తగలబెట్టుకోవడం తప్ప ఇది అయ్యే పని కాదనుకున్నాను.

అన్నను చూడడానికి మద్రాసు నుంచి వచ్చిన మరిది నా అవస్థ చూసి నవ్వాడు. “మెషీనుకి కింద పళ్లెం బిగించాలి వదినా, మా దగ్గర అంతా అదే” అని, నేల మీద బొగ్గుతో బొమ్మ గీశాడు. లేత్ షాపుకు వెళ్లి దగ్గరుండి చేయించాడు కూడా. మందపాటి రేకు పళ్లెం, దాని అడుగున కిందికి పొడుచుకొచ్చిన రెండు నున్నటి ఇనప కడ్డీలు. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో కత్తి. పళ్లేన్ని చెక్క మీద పెట్టి, రెండు కడ్డీలూ చెక్కకు చెరో పక్కా తగిలేదాకా మెషీన్ని కాస్త వారగా తిప్పాలి. తగిలాక అలాగే ఆనించి నడిపించాలి. అంతే. చెక్క లావుదైనా సన్నదైనా కత్తి దాని నట్టనడుమే ఉంటుంది. ఇద్దరు కోడళ్ల మధ్య కాపరం చేసే తెలివైన అత్తగారిలా ఎటూ మొగ్గదు.

మొదటి బెజ్జం తొలిచి, చెక్క దులిపి, వేలు పెట్టి చూసుకున్నాను. ఇటెంతో అటూ అంతే. నాకు నిజంగా గంతులేయాలనిపించింది. నేను కొలవక్కర్లేదు, గీత గీయక్కర్లేదు. ఆ కొలతంతా పళ్లెమే చూసుకుంటోంది. చెక్క చివర మాత్రం జాగ్రత్త. అక్కడ ఒక కడ్డీకి ఆనుకోవడానికి చెక్క ఉండదు, మెషీను ఒక్కసారిగా తిరగబోతుంది. నా బొటనవేలు తృటిలో తప్పింది. ఆ తర్వాత కొసల్లో చెక్క కాస్త పొడవు ఎక్కువ ఉండేలా చూసుకునేదాన్ని. బెజ్జం మూలలు గుండ్రంగా వచ్చేవి. వాటిని చిన్న ఉలితో పలకలుగా తీయడం కూడా నేనే నేర్చుకున్నాను. నూనె రాసి చుట్టిపెట్టిన ఉలుల్లోంచి ఒకటి నేను లాగేసుకోవడం ఆయన చూశారు. ఊరుకున్నారు.

అలా పని నడిచింది. పొద్దున్నే ఆయన చెక్కలు చిత్రిక పట్టి, కూసాలు కోసి, నేను తొలవాల్సిన చెక్కలు గోడకు ఆనించి, ఎక్కడ తొలవాలో అడ్డగీతలు పెట్టి టీకొట్టుకు వెళ్లిపోయేవారు. కరెంటు ఉన్నప్పుడు నేను బెజ్జాలు తొలిచేదాన్ని. ఆయన తిరిగొచ్చి కిటికీలు బిగించి చూసుకునేవారు. చక్కగా కూర్చునేవి. బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. ఇంట్లో కూర గురించి, వాన గురించి మాట్లాడేవారు గానీ చెక్క గురించి మాత్రం నోరు విప్పేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. నేను చేసిన పని అంత చేదుగా ఉందా ఈయనకు? ఒకే కొట్టులో, ఒకే చెక్క మీద, ఒకరి వెనక ఒకరం పనిచేసుకున్నాం.

ప్రతి చెక్కకూ ఒక పక్కన ఆయన చిన్న కుంకుమబొట్టు పెట్టేవారు. మొదటి నుంచీ ఆయనకు ఆ అలవాటు ఉంది. నేను అది పూజబొట్టు అనుకున్నాను. కొత్త చెక్క కదా, భక్తి కదా! ఆ బొట్టుకు దణ్ణం పెట్టుకుని మెషీను వేసేదాన్ని.

చివరికి వీధి గుమ్మం మిగిలింది. దాని గడపకు మాస్టారు తమ పాత ఇంటి టేకు దూలం ఇచ్చారు. మిగతా చెక్కకన్నా అది కొంచెం మందం. మందం తగ్గిస్తే పాత చెక్కను పాడుచేసినట్టని, తగ్గించవద్దని మాస్టారి తల్లిగారు కబురు చేశారు. నేను యథాప్రకారం దణ్ణం పెట్టుకుని, కడ్డీలు ఆనించి, గడపకు నట్టనడుమ బెజ్జాలు తొలిచాను. కిటికీలైతే కొట్లోనే బిగించి చూసుకునేవాళ్లం. వీధి గుమ్మాన్ని మాత్రం ముందుగా బిగించి విప్పడం మావారి ఇంట ఆచారం కాదు. కలిసిన గుమ్మం మళ్లీ విడిపోకూడదట. ముహూర్తానికి ముందు ఆ ఇంటి దగ్గరే మొదటిసారి కలపాలి. అందుకని విడి చెక్కలుగానే, బాపట్ల మీదుగా చీరాల వెళ్లే లారీలో వేశాం.

బాపట్లలో ఆ ఇంటి చుట్టూ ఇసుక. ఇసుక మీద గోనెలు పరిచి గుమ్మాన్ని పడుకోబెట్టి బిగిస్తున్నారు. తాపీవాళ్లు, చుట్టాలు, పసుపు కుంకుమల పళ్లేలతో ముత్తయిదువలు. మా బావగారు కూడా ఇస్త్రీ పంచెతో వచ్చారు. పని అయ్యాక తమ్ముణ్ణి మిల్లువాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలని ఆయన ఉద్దేశం. మాస్టారి తల్లిగారు అప్పటికే గడపకు పసుపు దట్టంగా పూసేసింది. మావారు నిలువు చెక్కల కూసాలు గడప బెజ్జాల్లో పెట్టి, తాపీ ఆయన చేత కొట్టించారు. బిగువుగా దిగాయి. నేను లోలోపల మురిసిపోతున్నాను.

“ఏంటయ్యా మేస్త్రీ, గడప ముందుకు పొడుచుకొచ్చిందేంటి?” అంది పెద్దావిడ.

నిజమే. నిలువు చెక్కలకన్నా గడప పెన్సిలు మందంలో సగమంత ముందుకు వచ్చి ఉంది. మావారు అరచెయ్యి పెట్టి తడిమారు. తలెత్తి నాకేసి చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

“ముఖం వైపు నుంచి పెట్టలేదా?” అన్నారు. అన్ని రోజుల్లో చెక్క గురించి నాతో అన్న మొదటి మాట.

“ముఖమేంటండి?” అన్నాను.

ఆయన గడప మీద పసుపు కింద దాగిన కుంకుమబొట్టు చూపించారు. అప్పుడు తెలిసింది నాకు. చెక్కకు బాగున్న పక్కను ముఖంగా ఎంచి అక్కడ బొట్టు పెడతారు. కూసమైనా, బెజ్జమైనా ఆ ముఖం నుంచే కొలుస్తారు. అన్ని చెక్కలకూ ముఖాలు ఒక వరసలో నిలబడాలి. ఎక్కువ తక్కువలేమున్నా వెనక్కి పోతాయి. కిటికీల చెక్కలన్నీ ఒకే మందం కాబట్టి ముఖం నుంచి కొలిచినా, నడుమ తొలిచినా ఒక్కటే అయింది. గడప మందం వేరు. ఆయన ముఖం నుంచి కూసం కోశారు. నేను నడుమ బెజ్జం తొలిచాను. ఎవరి పని వాళ్లు తప్పు లేకుండా చేశాం, కలిపితే తప్పొచ్చింది.

“మెషీన్లతో ఇంతే. చేత్తో చేసుంటే ఇలా అయ్యేదా?” అన్నారు బావగారు, ఏమీ తెలియక. పంతులుగారు వాచీ చూసుకుంటూ, “త్వరగా కానివ్వండి, ముహూర్తం దాటిపోతుంది” అన్నారు. ఈయన ఆఖరి గుమ్మం ఇది. ఈ వంకతోనే జనం ఈయన్ని గుర్తుపెట్టుకుంటారు. చెయ్యి పోయాక పని కూడా పోయిందంటారు. దీనంతటికీ కారణం నేనేనని ఆయన ఒక్క మాట అంటే చాలు, బయటపడిపోతారు. అనాలనే నేను కోరుకున్నాను.

ఆయన సంచిలోంచి పెద్ద చిత్రిక తీశారు. దానికి ముందు ఒక అడ్డకర్ర ఉంటుంది. వెనక నుంచి ఒకరు తోస్తే ముందు నుంచి ఒకరు లాగాలి. బావగారు పంచె ఎగ్గట్టి ముందుకొచ్చారు.

“నువ్వు కాదన్నయ్యా” అన్నారు మావారు. నావైపు తిరిగి, అందరికీ వినిపించేలా, “నువ్వు రా. బెజ్జాలన్నీ తొలిచింది ఈవిడే. చిత్రికా ఈవిడే పడుతుంది” అన్నారు.

గుసగుసలు మొదలయ్యాయి. శుభమా అని గుమ్మం ఎత్తుతుంటే ఆడమనిషి పనిముట్టు పట్టడమేంటని ఒకాయన పైకే అన్నాడు. పెద్దావిడ ఆయనకేసి తిరిగింది. “గడపకి పసుపు రాసేది మేమే, ముగ్గేసేది మేమే. చిత్రిక పడితే మాత్రం మైలపడుతుందేంటి? ఆ కాస్త మందం తగ్గితే ఏం కాదులే, నువ్వు కానీయవే అమ్మాయ్” అంది.

చీర కొంగు దోపుకుని కూర్చున్నాను. ఆయన తోస్తున్నారు, నేను లాగుతున్నాను. పసుపుతో పాటు లేచి పచ్చటి పొట్టు చుట్టలు చుట్టలుగా ఇసుకలో పడింది. కాసేపటికి అవతల తోపు తగ్గడం నా చేతులకు తెలిసింది. ఆయన వేళ్లు మొద్దుబారుతున్నాయి. తువ్వాలుతో చేతిని చిత్రికకు కట్టేసుకుని మళ్లీ తోశారు. గడప, నిలువు చెక్కలు ఒక్క వరసకు వచ్చాయి. పెద్దావిడ మళ్లీ పసుపు పూసింది. గుమ్మం లేచి నిలబడింది.

మధ్యాహ్నం పాసింజరులో ముగ్గురం తెనాలి బయల్దేరాం. బావగారు అక్కడ దిగి రేపల్లె బండి పట్టుకోవాలి. బాపట్ల దాటిందో లేదో మావారు మొదలుపెట్టారు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఇది ముఖం, ఇది వీపు, చెక్క వంపు ఎటుంటే ముఖం ఎటు పెట్టాలి, మందాలు వేరైతే నీ పళ్లెంలో ఒక కడ్డీకి చెక్కముక్క ఎలా తొడగాలి, అలా తొడిగితే నడుమ నుంచి ఎంత జరుగుతుంది. ఆగడం లేదు. ఎదురుగా ఉన్న బట్టల మూటలాయన కూడా నోరు తెరుచుకుని వింటున్నాడు. నిడుబ్రోలు దాటేసరికి నాకు తిక్క రేగింది.

“ఇదంతా ఇప్పుడా చెప్పడం? ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నారు? నేనా బొట్టుకి దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చున్నాను!” అన్నాను.

ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నారు. కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ, “చెప్తే నీకొచ్చేస్తుంది” అన్నారు.

“వస్తే ఏంటి?”

“అదీ నీకొచ్చేస్తే ఇంక ఈ ఇంట్లో నేనెందుకు అనిపించింది.”

నాకు ఏడుపొచ్చేసింది. టీకొట్టు బల్ల మీద కూర్చుని, మెషీను రొద వింటూ ఈ మనిషి రోజూ ఏం మింగాడో అప్పుడు అర్థమైంది. నా పని చేదయిందనుకున్నాను ఇన్నాళ్లూ. బావగారు ఎదురుగా ఉన్నారని కూడా చూడకుండా ఆ మొద్దుబారిన చేతిని తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. బావగారు పక్కకు తిరిగి కూర్చున్నారు.

తెనాలిలో దిగాక ప్లాటుఫారం మీద బావగారే అడిగారు. “ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు మిల్లువాళ్లు. ఏమని చెప్పమంటావురా?”

“రాలేనన్నయ్యా. దీనికి పని నేర్పాలి” అన్నారు మావారు. “ముఖమేదో వీపేదో కూడా తెలీదు దీనికి.”

నలుగురిలో నన్ను ‘ఇది’ అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. బావగారు ఒక్కరే రేపల్లె బండి ఎక్కారు.